నాడా నోటీసు వచ్చిన తమ్ముడి గురించి అడిగిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రాత్రి పదకొండింటికి చూశాను. తమ్ముడికి ఇరవై రెండేళ్ళు, నాలుగొందల మీటర్ల రన్నర్. పోయిన నెల మీట్‌లో ఇచ్చిన శాంపిల్‌లో స్టానోజోలాల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ దొరికిందని నాడా నుంచి, అంటే క్రీడాకారులకు డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ నుంచి, ఉత్తరం వచ్చింది. నాలుగు రోజులుగా మారతహళ్ళిలో మీ ఫ్లాట్‌లో గది తలుపేసుకుని ఉన్నాడు, ఊళ్ళో నాన్నకు ఇంకా చెప్పలేదు. "వీడి జీవితం అయిపోయినట్టేనా? ఇలా పట్టుబడి మళ్ళీ తలెత్తుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

2011లో ఇదే మందుకు నాకు రెండేళ్ళ నిషేధం పడింది. అప్పుడు నాకు ఇరవై నాలుగు. ఇప్పుడు ఇదే బెంగళూరులో పొద్దున పూట పిల్లలకు పరుగు నేర్పుతాను, పగలు వేరే ఉద్యోగం. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ గది తలుపు సంగతి. స్టెరాయిడ్ కోర్సు నడుస్తున్నప్పుడు బయటి హార్మోను వచ్చి పడుతోంది కదా అని ఒంట్లో సహజంగా టెస్టోస్టిరాన్ తయారవడం తగ్గిపోతుంది. మందు ఆగిన రోజు బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు. మళ్ళీ దారిలో పడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరసం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, చావు ఆలోచనలు కూడా. ఇంట్లోవాళ్ళు చూసి "పాపం, సిగ్గుతో కుంగిపోయాడు" అనుకుంటారు. సిగ్గు ఉంటుంది, నిజమే. కానీ అందులో ఎంత సిగ్గో ఎంత హార్మోనో వాడికే తెలియదు. నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు నేను పిరికివాణ్ణి కాబట్టే ఇలా ఉన్నాననుకున్నాను.

అందుకని వాణ్ణి ఒంటరిగా వదలకండి. రాత్రిపూట ఏదైనా భయమనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వానిది, తెలుగులోనూ మాట్లాడతారు. నిమ్హాన్స్ మీ ఊళ్ళోనే, హోసూరు రోడ్డు మీద ఉంది. దేశం నలుమూలల నుంచి రైలెక్కి వస్తారు అక్కడికి. మీరు ఆటోలో పోవచ్చు. హార్మోన్ల డాక్టరుకు, అదే ఎండోక్రైనాలజిస్టుకు, కూడా చూపించండి. అయితే ఒక జాగ్రత్త. డాక్టరు గది బయటే "నేను రాసిస్తా" అనే జిమ్ము పండితులు ఉంటారు. కోర్సు దిగాక వాడాలంటూ పీసీటీ పేరుతో క్లోమిఫీన్, టామోక్సిఫెన్, హెచ్‌సీజీ ఇంజెక్షన్లు అంటగడతారు. మగ క్రీడాకారులకు ఆ మూడూ నిషిద్ధ జాబితాలోవే. నిషేధంలో ఉన్నవాణ్ణి కూడా నాడా వచ్చి పరీక్ష చెయ్యొచ్చు. ఒక గోతిలోంచి లేస్తూ ఇంకో గోతిలో పడతాడు. నిజమైన డాక్టరుకు కూడా "వీడు అథ్లెట్, కేసు నడుస్తోంది" అని మొదటి మాటగా చెప్పండి.

ఇక ఉత్తరం. అది పూర్తిగా చదివారా? చాలామంది పైన పేరు, కింద మందు పేరు చూసి మడిచి పెట్టేస్తారు. గడువులన్నీ అందులోనే ఉంటాయి. బీ శాంపిల్, అంటే అదే రోజు రెండో సీసాలో దాచింది, తెరిపించే హక్కు వాడికి ఉంది, ఖర్చు మనదే. నేను తెరిపించాను. ఏం మింగానో తెలిసి కూడా తెరిపించాను, నాయన అప్పు చేసి పంపిన డబ్బుతో. అదే ఫలితం వచ్చింది. రాక ఏం చేస్తుంది?

నా రోజుల్లో మొదటిసారికి రెండేళ్ళు. 2015 నుంచి రూలు మారింది. స్టానోజోలాల్ లాంటి వాటికి, తెలిసి వాడలేదని మనం చూపించలేకపోతే, నాలుగేళ్ళు. కానీ అభియోగపత్రం చేతికొచ్చిన 20 రోజుల్లోపు తప్పు ఒప్పుకుని శిక్షకు ఒప్పుకుంటే అందులో ఒక ఏడాది తగ్గుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో డిస్కస్ ఫైనల్‌కు వెళ్ళి 63.70 మీటర్లతో ఆరో స్థానంలో నిలిచిన కమల్‌ప్రీత్ కౌర్ గుర్తుందా? ఆమె మరుసటి ఏడాది ఇదే స్టానోజోలాల్‌తో దొరికింది. నాలుగు మూడయింది ఇలాగే. మొదట వచ్చే ఉత్తరం వేరు, అభియోగపత్రం వేరు. మీకు వచ్చింది ఏదో తారీకుతో సహా చూసుకోండి. క్రీడల కేసులు వాదించిన వకీలును పట్టుకోండి. మన వాళ్ళలో ఒక అలవాటుంది, పొలం దావాలు చూసే బంధువుల వకీలు దగ్గరికి పరిగెత్తడం. ఆయన మంచివాడే కావచ్చు, ఈ చట్టం వేరే లోకం. ఇక్కడ "నా ఒంట్లో దొరికింది" అంటేనే సగం తీర్పు అయిపోయినట్టు. ఎలా వచ్చిందో నిరూపించుకునే బరువంతా మన నెత్తిమీదే.

ఒకవేళ వాడు నిజంగా ఏమీ తెలియక ప్రోటీన్ డబ్బాలోంచే తిని ఉంటే, ఆ డబ్బా పారేయకండి. మూత, అట్టపెట్టె, బిల్లు, బ్యాచ్ నంబరు అన్నీ దాచండి. అదే బ్యాచ్‌ది సీలు తీయనిది ఇంకొకటి దొరికితే ఇంకా మంచిది. "పౌడర్‌లో కలిసింది సార్" అని నోటితో చెబితే విచారణ ప్యానెల్లో ఎవరూ చలించరు. ఆ మాట వాళ్ళు రోజూ వింటారు. నేనూ అదే చెప్పాను మరి.

నా కథకు వస్తాను. మాది మదనపల్లె దగ్గర పల్లె. నాయన టమోటా పండించి మండీకి తోలేవాడు. ధర ఉన్న ఏడు ఇల్లు, లేని ఏడు అప్పు. నేను స్కూలు మీట్లలో గెలుస్తుంటే పీఈటీ సారు బెంగళూరు పంపించమన్నాడు. అలా ఇక్కడి హాస్టల్‌కు వచ్చి పడ్డాను. కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద మొదటిసారి స్పైక్స్ వేసుకుని నడిచినప్పుడు చెప్పులతో గుళ్ళోకి పోయినట్టు భయమేసింది, ఆ ఎర్ర నేల అంత శుభ్రంగా ఉంది.

రెండేళ్ళలో 47.8కి వచ్చాను. తర్వాత ఏడాదిన్నర అక్కడే ఆగిపోయాను. నాలుగొందలు పరిగెత్తినవాళ్ళకు తెలుస్తుంది. మూడొందలు దాటాక తొడల్లో సిమెంటు పోసినట్టు అయిపోతుంది, చివరి ఎనభై మీటర్లు పరుగు అనరు దాన్ని, ఈదడం అనాలి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి నేషనల్స్‌లో పతకం కావాలి. పతకానికి 47 లోపు కావాలి. సెకనులో ఎనిమిది పదో వంతులు. ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్ళు.

మా గదిలో ఒక సీనియర్ ఉండేవాడు. అందరూ అన్నా అనేవాళ్ళం. మన తెలుగువాడే. పేరు రాయను. ఒకరోజు కాగితం పొట్లంలో టాబ్లెట్లు తెచ్చి "వారం రోజులు చూడు, నచ్చకపోతే మానెయ్" అన్నాడు. నేను "ఏంటన్నా ఇవి" అని అడగలేదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకోవడానికి నాకు ఐదేళ్ళు పట్టింది: అడిగితే తెలిసిపోతుందని అడగలేదు.

ఈ మందు రేసు రోజు రెక్కలు తొడగదు, అందరూ అలా అనుకుంటారు గానీ. అది పని చేసేది ప్రాక్టీసులో. ముందు రోజు మూడొందల మీటర్లు ఆరుసార్లు కొట్టినా మర్నాడు కాళ్ళు తేలిగ్గా లేస్తాయి. రెండు రోజులు విశ్రాంతి కావాల్సిన చోట ఒక రాత్రి చాలు. అంటే ఒక నెలలో నెలన్నర పని చేస్తావు. కష్టం నిజంగా నువ్వే పడతావు, అందుకే "నేను మోసం చేస్తున్నాను" అని మనసుకు అనిపించదు. ఇదే దీనిలో విషం. మూడు నెలల్లో 47.1కి వచ్చాను. కోచ్ వీపు తట్టాడు, ఏమీ అడగలేదు. ఆయన కూడా అడిగితే తెలిసిపోతుందనే అడగలేదేమో.

పట్టుబడిన రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రేసు అయ్యాక ఒకాయన పక్కకొచ్చి నిలబడ్డాడు, బాత్రూమ్ దాకా వదల్లేదు, రెండు సీసాల్లో పోశాను, సంతకం పెట్టాను. కొన్ని వారాల తర్వాత ఉత్తరం. హాస్టల్లో మధ్యాహ్నానికల్లా నా పళ్ళెం పక్కన పళ్ళెం పెట్టేవాడు లేడు. ఆ రాత్రి అన్న మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు, "నా పేరు రానియ్యకు తమ్ముడూ, నీ ఇంటి ఖర్చు నేను చూసుకుంటా" అని. నేను ప్యానెల్ ముందు పౌడర్ కథ చెప్పాను. రెండేళ్ళు పడింది. ఇంటి ఖర్చు సంగతి సరే, ఆ తర్వాత అతను నా ఫోన్ కూడా ఎత్తలేదు. ఏడాది తిరగకుండా అదే గదిలో నా మంచం మీద చేరిన ఒక కడప కుర్రాడికి అదే మందుతో ఉత్తరం వచ్చింది. వాడికి పందొమ్మిదేళ్ళు.

నా శిక్ష కంఠీరవలో పరిగెత్తనివ్వకపోవడం అనుకునేవాణ్ణి. కడప కుర్రాడి వార్త విన్న రోజు తెలిసింది, నా తప్పు పట్టుబడిన రోజుతో ఆగలేదని. నేను మూసుకున్న నోట్లోంచే ఆ టాబ్లెట్ వాడి దాకా వెళ్ళింది.

మీరు అడిగిన "తలెత్తుకున్నవాళ్ళు" అనే ప్రశ్నకు ఇప్పుడు చెబుతాను. ఈ పదిహేనేళ్ళలో దేశంలోవీ బయటివీ చాలా కేసులు చదివాను, ఒక రకంగా పిచ్చిగా చదివాను. ఎంతకాలం శిక్ష పడింది, ఎంత ఏడ్చారు అన్నది చూస్తే ఏమీ తెలియదు. తిరిగి వచ్చినప్పుడు ఎవరి మధ్యకు వచ్చారు అన్నది చూస్తే చాలా తెలుస్తుంది.

బెన్ జాన్సన్ పేరు వినే ఉంటారు. 1988 సియోల్, వంద మీటర్లు 9.79. మూడు రోజుల్లో బంగారు పతకం పోయింది, మీ తమ్ముడి ఒంట్లో దొరికిన ఈ స్టానోజోలాల్‌తోనే. మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వం న్యాయమూర్తితో విచారణ జరిపిస్తే అతని కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ ఎప్పటినుంచి, ఎలా నడిచిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. 1981 నుంచీ అట. అంటే ఏడేళ్ళు ఒక డాక్టరు, ఒక కోచ్, ఒక జట్టు, అందరి మధ్యా నడిచిన వ్యవహారం. జాన్సన్ నిషేధం అయ్యాక తిరిగి వచ్చాడు, 1993లో మళ్ళీ దొరికాడు. ఈసారి జీవితకాలం.

అమెరికా రన్నర్ జస్టిన్ గాట్లిన్‌ది ఇంకా చిక్కు కథ. 2001లో మొదటిసారి, చిన్నప్పటినుంచి వాడుతున్న ఏకాగ్రత మందులో ఆంఫెటమిన్ ఉందని. అది జనం క్షమించారు. 2004 ఏథెన్స్‌లో వంద మీటర్ల బంగారం. 2006లో టెస్టోస్టిరాన్, నాలుగేళ్ళు. అప్పటి కోచ్ ట్రెవర్ గ్రాహం. విచిత్రం ఏంటంటే 2003లో ఒక సిరంజిని అమెరికా డోపింగ్ అధికారులకు పంపించి బాల్కో అనే ల్యాబ్ అథ్లెట్లకు దొంగచాటుగా మందులిచ్చిన కుంభకోణం బయటపడేలా చేసినవాడు ఈ గ్రాహమే. ఆయన శిష్యురాలే మారియన్ జోన్స్, సిడ్నీలో ఐదు పతకాలు తెచ్చి అన్నీ పోగొట్టుకుని, చివరికి 2008లో ఆరు నెలలు జైలుకు వెళ్ళింది. ఆ జైలు మందు వాడినందుకు కాదు, దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పినందుకు. మీ తమ్ముడికి ఈ వాక్యం చదివి వినిపించండి.

గాట్లిన్ తిరిగొచ్చి, ముప్పై ఐదేళ్ళ వయసులో 2017 లండన్ ప్రపంచ పోటీల్లో బోల్ట్‌ను ఓడించి గెలిచాడు, 9.92. స్టేడియం మొత్తం ఛీ కొట్టింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని బోల్ట్‌కు నమస్కరించాడు. నేను ఆ రాత్రి టీవీ ముందు ఏడ్చాను, ఎవరి తరఫున ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. కానీ తర్వాత నాలుగు నెలలకే ఒక పత్రిక రహస్య కెమెరాతో అతని శిబిరంలోకి దూరింది, కోచ్ చుట్టూ మళ్ళీ మందుల మాటలే వినిపించాయి. గాట్లిన్ కోచ్‌ను తీసేశాడు. ఆ కోచ్ డెనిస్ మిచెల్ తన పరుగు రోజుల్లో తానే టెస్టోస్టిరాన్‌తో నిషేధం అనుభవించినవాడు. ప్రపంచంలో ఇంతమంది కోచ్‌లు ఉండగా మళ్ళీ అక్కడికే వెళ్ళి నిలబడితే జనం ఎందుకు నమ్ముతారు? అతను ఆ రెండోసారి శుభ్రంగానే పరిగెత్తి ఉండొచ్చు. అయినా నాకు ఆ అరుపులు అన్యాయమనిపించలేదు.

మన దగ్గర కథ ఇంకా దగ్గరగా ఉంది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 4×400 రిలే అమ్మాయిలు గెలిచినప్పుడు మా హాస్టల్ మొత్తం బల్లలు విరగ్గొట్టినంత పని చేసింది. మన ఉడుపి జిల్లా అమ్మాయి అశ్విని అక్కుంజి ఆ నలుగురిలో ఒకరు. ఆ వెంటనే గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రిలేతో పాటు హర్డిల్స్ బంగారం కూడా. ఎనిమిది నెలలు తిరక్కుండా ఆ బృందంలో ఒకరి తర్వాత ఒకరు స్టెరాయిడ్ పరీక్షల్లో దొరికారు. ఉక్రెయిన్ కోచ్‌ను పంపించేశారు. ఆయన ఇచ్చిన జిన్‌సెంగ్ మాత్రల్లోనే కలిసిందని, తమకు తెలియదని అమ్మాయిలు చెప్పారు. ఇక్కడి ప్యానెల్ ఆ మాట కొంత నమ్మి ఏడాదితో సరిపెట్టింది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్ళు చేసింది, ఏం మింగుతున్నామో చూసుకునే బాధ్యత మింగినవాళ్ళదే అని. నాకు వాళ్ళ మీద జాలి ఉంది. క్యాంపులో కోచ్ ఇచ్చింది కాదనడం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు.

ఆ బృందంలోంచి మన్‌దీప్ కౌర్, ప్రియాంక పన్వర్ శిక్ష పూర్తి చేసుకుని వచ్చి 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రిలే బంగారం గెలిచారు, 3:28.68, అప్పటికి ఆ క్రీడల రికార్డు. చూశారా, తిరిగి గెలవడం అసాధ్యమేమీ కాదు. కానీ ప్రియాంక 2016లో మళ్ళీ దొరికింది, ఎనిమిదేళ్ళు పడింది. శిక్ష అనేది మనిషిని ట్రాక్ బయట నిలబెడుతుంది, అంతే. నిలబడినన్నాళ్ళూ అతని పక్కన ఎవరున్నారు, ఏ గదిలో పడుకున్నాడు, ఎవరి ఫోన్లు ఎత్తాడు అన్నది నాడా చేతిలో లేదు. అది మీ చేతిలో ఉంది కొంత.

నాకు గౌరవం ఉన్నది మాత్రం డేవిడ్ మిల్లర్ అనే స్కాట్లాండ్ సైక్లిస్టు మీద. 2004 జూన్‌లో ఫ్రాన్స్‌లో భోజనం చేస్తుండగా పోలీసులు పట్టుకున్నారు, ఇల్లు సోదా చేస్తే ఈపీఓ (రక్తంలో ఎర్రకణాలు పెంచే నిషిద్ధ మందు) వాడి పడేయకుండా దాచుకున్న రెండు ఖాళీ సిరంజిలు దొరికాయి. పరీక్షలో అతను ఎప్పుడూ దొరకలేదు. కావాలంటే బుకాయించొచ్చు. రెండు రోజుల్లో అంతా చెప్పేశాడు. ప్రపంచ టైటిల్ పోయింది, రెండేళ్ళు నిషేధం. తిరిగొచ్చాక మందుల్లేకుండా సైకిల్ తొక్కాలనే పట్టుదలతో మొదలైన కొత్త జట్టులో చేరాడు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా అథ్లెట్ల కమిటీలో కూర్చున్నాడు, 2012 టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక దశ గెలిచాడు. అతను గెలిచింది ఒక్క రోజు పందెం. ఆ ఎనిమిదేళ్ళూ ఎవరు పిలిచినా వెళ్ళి తన కథ తనే చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడంలో అతనూ మారాడు, అతని చుట్టూ ఉన్న జనం కూడా మారారు.

కాబట్టి మీ తమ్ముణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు చేశావురా" అని కాదు. దానికి జవాబు మీకూ తెలుసు, వాడికీ తెలుసు. "ఎవరిచ్చారు" అని అడగండి. వెంటనే చెప్పడు. ఇచ్చినవాడు వాడికి అన్న అయ్యుంటాడు, ఆకలైనప్పుడు బిర్యానీ తినిపించినవాడు అయ్యుంటాడు. నోరు విప్పితే రూలు కూడా సాయం చేస్తుంది. ఇచ్చే సమాచారంతో ఇంకొకరి తప్పు బయటపడితే శిక్షలో ముప్పావు వంతు దాకా నిలిపివేసే వీలుంది. అది వకీలు సమక్షంలో, రాతపూర్వకంగా జరగాలి. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టి గొడవ చెయ్యకండి, అది కేసుకూ చేటు, ప్రాణానికీ చేటు.

మన దేశంలో ఇది ఒకరిద్దరి వ్యవహారం కాదని కూడా వాడికి తెలియాలి, ఓదార్పు కోసం కాదు. వాడా 2024 లెక్కల్లో మన నాడా 7,113 పరీక్షలు చేస్తే 260 పాజిటివ్‌లు. అంతకు ముందు ఏడాది 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీల్లో డోపింగ్ అధికారులు వచ్చారని తెలిసి వంద మీటర్ల ఫైనల్‌కు ఒక్కడే ఒక్కడు మిగిలాడు. మిగతావాళ్ళు మాయం. మా పిల్లలు ఇది జోకుగా చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు, పారిపోయినవాళ్ళలో ప్రతివాడికీ ఒక అన్న ఉండే ఉంటాడు.

ఊళ్ళో నాన్నకు చెప్పడం గురించి. మీరే చెప్పండి, త్వరగా చెప్పండి. మన పేపర్లలో "డోపీ" అని చిన్న ముక్క వస్తుంది, జిల్లా పేజీలో అయితే ఫొటోతో. పల్లెల్లో డోపింగ్ అంటే గంజాయి అనుకుంటారు. మా ఊళ్ళో నన్ను డ్రగ్స్ కేసులో పోలీసులు పట్టుకుపోయారని వారం తిరిగింది మాట. నాయన మండీలో కూడా విన్నాడు. నేను ఊరికి వెళ్ళినప్పుడు టమోటా బాక్సులు లారీకి ఎత్తుతున్నాడు, నన్ను చూసి ఆపలేదు. ఇంకో పది బాక్సులు ఎత్తాక "ఏం తింటివిరా నువ్వు, గంజాయా?" అన్నాడు. కాదు నాయనా, బలానికి మాత్రలు అన్నాను. "ఎవురిచ్చినారు?" అన్నాడు. చూడండి, చదువు లేని మనిషి, సరైన ప్రశ్న అడిగాడు. నేను అక్కడ కూడా పౌడర్ అన్నాను. ఆయన నమ్మాడు. ఆయన నమ్మినందుకే ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు అన్నం సయించలేదు.

నిషేధంలో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని అడిగారు. సాయ్ (కేంద్ర ప్రభుత్వ క్రీడా సంస్థ) కేంద్రంలో కాలు పెట్టకూడదు. ఫెడరేషన్ గుర్తింపు ఉన్న ఏ పోటీలోనూ దిగకూడదు, సరదాకు కూడా. టీసీఎస్ 10కె లాంటివీ అందులోకే వస్తాయి. అథ్లెటిక్స్ మానేసి కబడ్డీ ఆడతానంటే కుదరదు, అన్ని ఆటలకూ వర్తిస్తుంది. కోచ్‌గానో మేనేజర్‌గానో జట్టుతో వెళ్ళడమూ కుదరదు. శిక్ష చివర్లో, ఆఖరి రెండు నెలలు లేదా ఆఖరి నాలుగో వంతు, ఏది తక్కువైతే అంతకాలం ముందు, జట్టుతో ప్రాక్టీసుకు రానిస్తారు. ఈ రూళ్ళు దాటితే మొదటి శిక్ష చివర మళ్ళీ అంత శిక్ష కలపొచ్చు. కానీ కబ్బన్ పార్కులో పరిగెత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లాల్‌బాగ్‌లో బండరాయి ఎక్కడానికీ అక్కర్లేదు. నేను రెండేళ్ళూ అదే చేశాను.

పొట్టకూటికి మన తెలుగాయన నడిపే మెస్‌లో కౌంటర్లో కూర్చున్నాను. పప్పు, గోంగూర, టోకెన్లు. ఒకసారి ఒక రన్నర్ల గుంపు వచ్చింది, అందులో ఒకడు నన్ను గుర్తుపట్టి పక్కవాడి చెవిలో చెప్పాడు. నేను చిల్లర లెక్క తప్పాను. యజమాని ఏమీ అనలేదు, ఆ మధ్యాహ్నం నా పళ్ళెంలో ఒక ఆమ్లెట్ ఎక్కువ పడింది. ఆ మనిషికి డోపింగ్ అంటే ఏంటో ఈనాటికీ తెలియదు. మీ తమ్ముణ్ణి ఏదో ఒక పనిలో పెట్టండి చెల్లెమ్మా. పరుగుతో సంబంధం లేని పని, రోజుకు నలుగురితో మాట్లాడక తప్పని పని.

2013లో తిరిగి ట్రాక్ ఎక్కాను. 48.9. వెనకనుంచి రెండోవాణ్ణి. శాంపిల్ ఇమ్మన్నారు, ఆ సీసా నింపుతున్నప్పుడు కలిగిన తృప్తి నాకు ఏ పతకంతోనూ కలగలేదు. ఇంకో ఏడాది పరిగెత్తి మానేశాను. 47 లోపు ఎప్పటికీ రాలేదు. మందుతో పెంచిన కండలో మిగిలిపోయే లాభం ఏళ్ళ తరబడి ఉండొచ్చని ఓస్లోలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చదివి నవ్వుకున్నాను, నాకైతే ఆ లాభం ఎక్కడా కనబడలేదు. అయినా పాత పోటీదారు ఎవరైనా "నువ్వు తిరిగి రావడమే అన్యాయం" అంటే నేను వాదించను. నాతో ఆ సీజన్‌లో నాలుగో స్థానంలో పరిగెత్తి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఒకడున్నాడు. వాడికి నా పశ్చాత్తాపంతో పని లేదు.

ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు మంది పిల్లలు. చేరిన మొదటి రోజే తల్లిదండ్రుల ముందు నా సంగతి చెబుతాను, 2011, స్టానోజోలాల్, రెండేళ్ళు, అబద్ధం. కొందరు ఆ రోజే పిల్లవాణ్ణి తీసుకుపోతారు. పోయిన ఏడు ముగ్గురు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళ పిల్లలు మాత్రం దగ్గు సిరప్ తాగాలన్నా ఫోన్ చేస్తారు, "సార్, ఇందులో ఏముందో చూడండి" అని. నాడా వాళ్ళదే ఒక ఆప్ ఉంది, నో యువర్ మెడిసిన్ అని, అందులో చూసి చెబుతాను. పృథ్వీ షా 2019లో దగ్గు మందులోని టెర్బ్యుటాలిన్‌తో ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాడు కదా, వాళ్ళకు క్రికెటర్ పేరు చెబితే తొందరగా ఎక్కుతుంది.

కడప కుర్రాడి సంగతి రాయకుండా ముగించలేను. వాడు పరుగు మానేశాడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్. నంబరు నా దగ్గర ఎనిమిదేళ్ళు ఉంది. పోయిన సంక్రాంతికి చేశాను. నేనెవరో చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ మంచం కింద పాత స్పైక్స్ వదిలేసిపోయారన్నా, నేను వాటితోనే పరిగెత్తేవాణ్ణి" అన్నాడు. అంతే మాట్లాడుకున్నాం. మళ్ళీ చేస్తానన్నాడు, ఇంకా చెయ్యలేదు.

మీ తమ్ముడు తలుపు తీశాక ముందు అన్నం పెట్టండి. డబ్బా, పొట్లం, ఏది ఉంటే అది ఎక్కడుందో అడిగి తీసి దాచండి. ఉత్తరం మీద తారీకు నాకు రాసి పంపండి. శనివారం పొద్దున ఆరింటికి కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండ్ దగ్గర ఉంటాను, మా పిల్లలు ఆ రోజు రారు. స్పైక్స్ తేనక్కర్లేదు, చెప్పులేసుకుని వచ్చినా సరే. మీరూ రండి.